చారుమతి చారు పెట్టింది

"చైనా భాష నేర్చుకున్నావా? బాబోయ్, ఒకే అక్షరాన్ని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చదవాలటగా! అదేం రాత గురూ. మన తెలుగు హాయి, రాసింది రాసినట్టు చదివేస్తాం."

నేను షెన్‌జెన్‌లో రెండేళ్ళు పనిచేసి వచ్చానని తెలిసినవాళ్ళు ఏదో ఒక రూపంలో ఈ మాట అంటూనే ఉంటారు. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం మన గొప్ప మనం చెప్పుకోవడం. నమ్మకపోతే ఈ వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి: చారుమతి చారు పెట్టింది.

రెండు 'చా'లూ ఒకేలా పలికారా? ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్ళయితే పలికుండరు. చారుమతిలో చా నాలికని అంగిట్లో ఆనించి పలికేది. తినే చారులో చా నాలిక కొస పళ్ళకి తగిలి 'త్స'లాగా వచ్చేది. జడ కూడా అంతే, తల్లో వేసుకునే జడ వేరు, జడపదార్థంలో జడ వేరు. విశాఖపట్నం వాళ్ళకయితే ఇంకా తేలిక. జగదాంబ దగ్గర బస్సెక్కి గాజువాకలో దిగండి, దారిలో జ మారిపోతుంది. సింహాచలంలో చ ఒకటి, సింహాచలం కొండ మీద వేసే చలిలో చ ఇంకొకటి. ఆఖరికి 'చదువు'లో చ, 'ఉచ్చారణ'లో చ ఒకటి కావు :)

పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దీనికి లెక్క చెప్పేశాడు. తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏలు కలిస్తే అది తాలవ్యం (చిలక, చేప). అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలు కలిస్తే దంత్యం (చలి, చుక్క, చోటు). సంస్కృతం నుంచి వచ్చిన మాటలయితే తాలవ్యమే. చూడ్డానికి చక్కని ఇఫ్-ఎల్స్. కానీ ప్రోగ్రాం రాసే బుర్రతో ఆలోచించండి. అక్షరాన్ని చూసి ఫలితం చెప్పలేం. ముందు అది ఏ మాటో తెలియాలి, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలి, అప్పుడే చ సంగతి తేలుతుంది. అంటే ఫంక్షన్‌కి ఇవ్వాల్సింది అక్షరం కాదు, మాట.

మరి ఈ సూత్రం మీలో ఎంతమందికి తెలుసు? బళ్ళో నాకెవరూ చెప్పలేదు. నాలుగేళ్ళప్పుడు అమ్మ "చారన్నం తింటావా" అన్నప్పుడే ఆ చా వచ్చేసింది. (ఈమధ్య టీవీ యాంకర్లు చలినీ చుక్కనీ కూడా అంగిట్లోనే పలుకుతున్నారు. అది వేరే గొడవ, మరోసారి తిట్టుకుందాం.)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రెండు మూడు ఉచ్చారణలున్న చైనా అక్షరాలని నేర్పే పద్ధతి మీద నాకో పెద్ద కంప్లైంటుంది. మనవాళ్ళు దాన్ని నేర్చుకునేది అక్షరానికి. పట్టుబడేది మాటకి.

ముందు సరుకు ఎలాంటిదో చూపిస్తాను. చైనీస్ శబ్దాలని తెలుగులో సుమారుగా రాస్తున్నాను, పక్కన అంకె స్వరం. ఒకటి ఎత్తులో సాగదీసేది, రెండు పైకి లేచేది, మూడు కిందకి దిగేది, నాలుగు గభాల్న పడేది.

మన వృత్తిలో రోజూ వాడే మాటలే తీసుకోండి. ఫంక్షన్‌ని కాల్ చెయ్యడాన్ని తియావ్(4)-యుంగ్ అంటారు. డీబగ్ చెయ్యడాన్ని థియావ్(2)-షర్ అంటారు. రెండు మాటల్లోనూ మొదటి అక్షరం ఒక్కటే, గీత తేడా లేదు. ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ని ఛుంగ్(2)-ౘాయ్ అంటారు, అంటే 'మళ్ళీ ఎక్కించడం' అన్న అర్థంలో. అవే రెండు అక్షరాలని రైలు పక్కన రాస్తే చుంగ్(4)-ౘాయ్, 'భారీ బరువు మోసేది'. కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా మన పోర్టుకి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండి అన్నమాట. రాతలో సి ప్లస్ ప్లస్‌కీ గూడ్సు బండికీ తేడా లేదు.

ఇంకోటి నాకు భలే ఇష్టం. 'ఒకటి' అనే అక్షరం, దాని పక్కన ఇంకో అక్షరం. యీ-హాంగ్(2) అని చదివితే ఒక వరస. కోడు గురించి మాట్లాడుతుంటే ఒక లైను. యీ-షింగ్(2) అని చదివితే కలిసి ప్రయాణం చేస్తున్న బృందం. టాంగ్ వంశం కాలంలో యీ షింగ్ అని ఒక బౌద్ధ భిక్షువు ఉండేవాడు (683–727), గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆయన పేరూ ఇవే రెండు అక్షరాలు. కాబట్టి ఏ చైనా ప్రోగ్రామరైనా "ఒక లైను కోడు" అని రాసిన ప్రతిసారీ పదమూడొందల ఏళ్ళ నాటి సన్యాసి పేరు రాస్తున్నట్టే.

ఈ రెండో అక్షరమే బ్యాంకు అనే మాటలో కూడా ఉంది, అక్కడ హాంగ్ అనాలి. అది తెలీక ఫోన్లో పిన్‌యిన్‌లో షింగ్ అని కొడితే, బ్యాంకు బదులు జింకో చెట్టో, రక్తపరీక్షలో 'నెగెటివ్' అనే మాటో పైకొస్తుంది.

ఇన్ని ఉచ్చారణలు ఎందుకొచ్చాయి? కారణం ఒకటి కాదు. కొన్ని పాతకాలంలో అర్థం మార్చడానికి శబ్దం మార్చినవి, పొడుగు అనే మాటకీ పెరగడం అనే మాటకీ ఒకటే అక్షరం అలా వచ్చింది. కొన్నిట్లో పుస్తకాల ఉచ్చారణ ఒకటి, వాడుకలో ఉచ్చారణ ఒకటి. కొన్ని 1956లో మొదలైన అక్షరాల సరళీకరణలో, అంతకుముందు వేరువేరుగా ఉన్న రెండు అక్షరాలని ఒకటి చేసెయ్యడం వల్ల వచ్చినవి.

ఇంకొన్నిటికి మనం కారణం. అవును, మనమే! బౌద్ధ గ్రంథాలు చైనాకి వెళ్ళినప్పుడు సంస్కృతం మాటల్ని శబ్దం కోసం అక్షరాల్లోకి దించారు. తర్వాత వాళ్ళ మామూలు మాటల్లో ఉచ్చారణ మారిపోయింది గానీ మంత్రాల్లో పాతదే నిలిచింది. 'దక్షిణం' అనే అక్షరాన్ని మామూలుగా నాన్ అంటారు, 'లేదు' అనే అక్షరాన్ని వూ అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి గుళ్ళో చదివితే నా-మో, అంటే మన 'నమో'నే. ఇంకో అక్షరం ఉంది, యోగా అనే మాటలో దాన్ని ఒకలా (చ్యా), సంఘారామం అనే మాటలో ఇంకోలా (ఛ్యె), గామా కిరణాల్లో మరోలా (గా) చదవాలి. తొట్లకొండ మీద శిథిలాల మధ్య నిలబడి అది సంఘారామం అనుకుంటున్నప్పుడు నాకు ఆ అక్షరమే గుర్తొస్తుంది. మన విశాఖపట్నాన్ని చైనీస్‌లో ఆరు అక్షరాల్లో రాస్తారు, అందులో ఆఖరిది ఈ 'నమో'లో ఉన్న దక్షిణమే.

అన్నట్టు, పైన ౘ అని ఒక అక్షరం వాడాను, గమనించారా? చారులో ఉన్న దంత్య చకారానికి గుర్తు అది. చైనీస్ పిన్‌యిన్‌లో జెడ్‌తో రాసే శబ్దం అచ్చంగా ఇదే. ఏడో శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చిన యాత్రికుణ్ణి మన పాఠ్యపుస్తకాలు హ్యూయన్ త్సాంగ్ అని రాస్తాయి చూడండి, ఆ 'త్స' ఇదే. ఈ శబ్దం పట్టుబడక చాలామంది విదేశీయులు తంటాలు పడతారు. మనకి చారన్నంతో పాటే వచ్చింది.

సరే, అసలు విషయానికొస్తాను.

మా అక్క కొడుకు చైనాలో ఎంబీబీయస్ మూడో ఏడాది. మా బావది ఉక్కునగరం. ఆ చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఒకళ్ళో ఇద్దరో పిల్లలు చైనాకో, ఫిలిప్పీన్స్‌కో, జార్జియాకో డాక్టరీ చదవడానికి వెళ్ళినవాళ్ళు తగులుతారు. కోవిడ్‌కి ముందు చైనాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 23,000 పైచిలుకు, వాళ్ళలో ఎక్కువమంది వైద్యవిద్యార్థులే. పంపించే ముందు ప్రతి తల్లిదండ్రీ అడిగే ప్రశ్న ఒకటే: "మీడియం ఇంగ్లీషేనా?" ఇంగ్లీషే అని ఏజెంటు చెప్తాడు. అబద్ధం కాదు. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనలు కూడా పాఠాలు ఇంగ్లీషులోనే ఉండాలంటాయి. కానీ ఆ నిబంధనల్లోనే ఇంకో ముక్కుంది. కనీసం 54 నెలల చదువుతో పాటు, 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ కాలేజీలో చెయ్యాలి. పాఠం చెప్పే ప్రొఫెసరు ఇంగ్లీషు మాట్లాడతాడు. మంచం మీద ఉన్న ముసలమ్మ మాట్లాడదు కదా!

మన కేజీహెచ్‌నే ఊహించుకోండి. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చేవాళ్ళు. ఎవరైనా వచ్చి "డాక్టరుగారూ, నాకు రక్తవమనం అవుతోంది" అంటారా? కక్కుకున్నాననో, డోకొచ్చి నెత్తురు పడిందనో అంటారు. నిఘంటువు బట్టీపట్టిన హౌస్ సర్జన్‌కి ఏం అర్థమవుతుంది?

మొన్నామధ్య సెలవులకి వచ్చినప్పుడు మావాడు తన చైనీస్ నోట్సు చూపించాడు. భాషా క్లాసులో ఇచ్చిన ఎక్సెల్ షీటట. ఎడమవైపు అక్షరం, కుడివైపు ఉచ్చారణలు, రెండుంటే మధ్యలో కామా. ఒక గడిలో రెండు విలువలు! ఫస్ట్ నార్మల్ ఫారమే గోవిందా.

"రక్తం అక్షరానికి రెండున్నాయి మావయ్యా, ష్వె(4), ష్యె(3). ఏది కరెక్టు?" అన్నాడు.

"చారులో చా కరెక్టా, చారుమతిలో చా కరెక్టా?" అన్నాను.

వాడు నవ్వాడు గానీ, వాడి ప్రశ్నలోనే ప్రమాదం ఉంది. రక్తపోటు అన్నప్పుడు అది ష్వె. నెత్తురు కక్కుకోవడం అన్నప్పుడు ష్యె. ఇక కక్కుకోవడం అనే అక్షరం సంగతి చూడండి. థూ(3) అంటే ఉమ్మడం, మనం థూ అన్నట్టే! థూ(4) అంటే తన ప్రమేయం లేకుండా కడుపులోంచి తన్నుకొచ్చేది. కళ్ళె ఉమ్మడం అన్నప్పుడు మూడో స్వరం, నెత్తురు కక్కుకోవడం అన్నప్పుడు నాలుగో స్వరం. అంటే నెత్తురు కక్కుకోవడం అనే మాటలో రెండు అక్షరాలు, రెంటికీ రెండేసి ఉచ్చారణలు. ఎక్సెల్ షీటు ప్రకారం నాలుగు అవకాశాలు. నిఘంటువు ఒప్పుకునేది ఒక్కటే, థూ(4)-ష్యె(3). పైగా చైనా వాళ్ళలోనే చాలామంది రక్తాన్ని నిఘంటువులో లేని మూడో రకంగా, ష్వె(3) అని పలుకుతారు. అదీ వినబడుతుంది మరి వార్డులో.

రోగి మాట్లాడుతున్నప్పుడు అక్షరం కనబడదు, వినబడేది మాట. అక్షరం కింద మొదట రాసుకున్న ఉచ్చారణని మాత్రమే గట్టిగా బట్టీపట్టిన కుర్రాడి బుర్రలో 'థూ(3)-ష్వె(4)' అని ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషి 'థూ(4)-ష్యె(3)' అంటాడు. వీడికి రెండక్షరాలూ వచ్చు, వాటి అర్థాలూ వచ్చు, పరీక్షలో రెంటికీ మార్కులొచ్చాయి. కానీ విన్న మాట మాత్రం ఎప్పుడూ విననిది. నెత్తురు కక్కుకుంటున్న మనిషి ముందు నించుని "మళ్ళీ చెప్పండి" అంటాడు.

ఇంకా ఉన్నాయి. షిన్-ౘాంగ్(4) అంటే గుండె. అందులో రెండో అక్షరాన్నే విడిగా ౘాంగ్(1) అంటే మురికి. సరళీకరణలో కలిపేసిన జంట ఇది. బీపీ చూడ్డంలో కొలవడం లియాంగ్(2), మందు మోతాదులో పరిమాణం లియాంగ్(4). తల తిరగడంలో యున్(1), బస్సు పడక తిప్పడంలో యున్(4). మలానికీ, చవక అనే మాటకీ ఒకే అక్షరం, ఉచ్చారణలు వేరు. ఇవేవీ అరుదైన మాటలు కావు. మొదటి వారం ఓపీలోనే వినబడేవి.

కోవిడ్‌లో ఇరుక్కుపోయిన బ్యాచీల గురించి తల్చుకుంటే నాకు ఇంకా బాధేస్తుంది. 2020లో ఇళ్ళకొచ్చిన పిల్లలు, 2022 ఆగస్టులో వీసాలు మళ్ళీ మొదలయ్యేదాకా మేడ మీది గదుల్లో ల్యాప్‌టాప్ ముందు కూచుని చదివారు. చైనీస్ కూడా అలాగే. కూరల కొట్టు లేదు, హాస్టల్ వార్డెన్ లేదు, చెవిన పడే మాట లేదు. చేతిలో ఉన్నది జాబితా ఒక్కటే.

ఇక్కడ మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. "అక్షరానికి రెండు ఉచ్చారణలుంటే రెండు అక్షరాలు చేసెయ్యొచ్చుగా? వేరే కోడ్ పాయింట్ ఇచ్చేస్తే సరి!" ఆ పనీ చేసి చూశారు. కొరియా వాళ్ళ పాత జాతీయ కోడ్ ప్రమాణంలో చైనా అక్షరాలని ఉచ్చారణ ప్రకారం వరసపెట్టారు. రెండు ఉచ్చారణలున్న అక్షరానికి రెండు చోట్ల చోటిచ్చారు. సంగీతం, సంతోషం అనే అర్థాలున్న అక్షరానికి నాలుగు చోట్ల! అచ్చం ఒకే బొమ్మ, నాలుగు కోడ్లు. పాత ఫైళ్ళు పాడవకూడదు కాబట్టి యూనికోడ్ ఆ డూప్లికేట్లని, మొత్తం 268, యథాతథంగా తీసుకుని ఒక మూల పడేసింది. మీరు నార్మలైజేషన్ నడిపారంటే ఆ డూప్లికేట్లన్నీ అసలు అక్షరంలో కలిసిపోతాయి, ఉచ్చారణ సమాచారం హుష్ కాకి. వెతుకులాటలో ఒకటి కొడితే ఇంకోటి దొరకదు. టైపు చేసేవాడు కళ్ళతో చూసి తేడా పట్టలేడు.

మన ఇంట్లోనూ ఇదే జరిగింది. పైన వాడిన ౘ, దాని చెల్లెలు ౙ 2008లో యూనికోడ్ 5.1తో మనకొచ్చాయి. మీరు ఎప్పుడైనా వాడారా? చారు పొడి ప్యాకెట్ మీద చూశారా? వ్యాకరణాలకీ నిఘంటువులకీ అవి కావాలి, ఉండాలి కూడా. కానీ రోజువారీ రాతలో ఎవరికీ అవసరం పడలేదు. ఎందుకంటే తెలుగువాడు చ చూసి చదవడు, చారు చూసి చదువుతాడు.

దీనికి అవతలి వాదన కూడా ఉంది, కాదనను. పరీక్షల్లో "ఈ అక్షరానికి సరైన ఉచ్చారణ గుర్తించుము" అని అడుగుతారు. చైనా బళ్ళలో వాళ్ళ పిల్లలు కూడా జాబితాలు బట్టీపడతారు. నిజమే. కానీ ఆ పిల్లలు అప్పటికే ఆరేళ్ళపాటు ఆ మాటలన్నీ మాట్లాడి వచ్చారు. వాళ్ళకి జాబితా అంటే నోటికి తెలిసినదానికి ఇండెక్సు. మనవాడికి ఆ టేబుల్లో డేటాయే లేదు, ఉత్త ఇండెక్సుతో ఏం చేసుకుంటాడు?

అందుకే మావాడి షీటు మార్పించాను. ప్రైమరీ కీ అక్షరం కాదు, మాట. ఉచ్చారణ మాటకి ఒక్కటే, గడికి ఒక్కటే, కామాలు బంద్. ప్రతి మాటకీ ఒక చిన్న వాక్యం, అదీ రోగి నోటి నుంచి వచ్చేలాంటిది. పక్కన స్థానికులెవరిచేతనైనా చదివించిన రికార్డింగు. అక్షరం మీద ఒక పివట్ పెట్టుకుంటే ఏ అక్షరం ఎన్ని రకాలుగా పలుకుతోందో దానంతటదే తేలుతుంది, అది బట్టీపట్టాల్సిన పనే లేదు. మొదటి వారం నూటపాతిక మాటలయ్యాయి. తల, కడుపు, ఛాతీ, వాంతి, విరేచనం, జ్వరం, ఎన్నాళ్ళ నుంచి, రోజుకెన్నిసార్లు. భాషా క్లాసు వాళ్ళు ఇచ్చిన షీటు కూడా ఉంచుకోమన్నాను, పరీక్ష ముందు రోజుకి పనికొస్తుంది.

ఒక్కచోట మాత్రం ఈ పద్ధతి కూడా పనిచెయ్యదు. ఇంటిపేర్లు. 'పగ' అనే అర్థమున్న అక్షరాన్ని ఛోవ్(2) అంటారు, కానీ అదే ఇంటిపేరైతే ఛ్యూ(2) అనాలి. 'ఒంటరి' అనే అక్షరం తాన్(1), ఇంటిపేరైతే షాన్(4). ఓపీలో తెర మీద కనబడిన పేరుని గట్టిగా పిలిచి, "పగగారూ, రండి" అంటే ఏ మనిషి లేచొస్తాడు? పక్కనున్న నర్సుని అడుగు, లేదా "నిన్ క్వెయ్ షింగ్", అంటే తమ ఇంటిపేరేమిటండీ అని రోగినే మర్యాదగా అడిగి రాసుకో అన్నాను. వాడు ఆ మూడు ముక్కలూ షీటులో మొదటి వరసలో పెట్టుకున్నాడు.